దండం పెట్టినందుకు పెనాల్టీ

ముందే ఒట్టేసి చెబుతున్నాను. బరంపురం గ్రామదేవత ఠాకురాణి మీద ఒట్టు. ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టిన నా గొంతు మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. నవ్వనీండి. గోపాల్‌పూర్ దీపస్తంభం ఎక్కి చూస్తే రంగూన్‌లో బట్టలారేసిన తాళ్ళు కనబడ్డాయని నేను చెప్పిన మాట వాళ్ళింకా మరిచిపోలేదు. అది వేరు, ఇది వేరు. అబద్ధం చెప్పేటప్పుడు నేను సరదాగా ఉంటాను. ఇది చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది.

నా ఉద్యోగం ఏమిటో ఈ కాలం పిల్లలకు కాస్త చెప్పాలి. నేను మైకువాణ్ణి. బరంపురంలో ఒక మైకుసెట్ల దుకాణంలో జీతానికి అరిచేవాణ్ణి. రిక్షాకి ముందొక హారను, వెనకొక హారను, సీటు కింద కారు బ్యాటరీ, ఒళ్ళో యాంప్లిఫయరు. టాకీసులో బొమ్మ మారితే నేను చెప్పాలి, సర్కస్ దిగితే నేను చెప్పాలి, జాతరలో పిల్ల తప్పిపోతే నేను చెప్పాలి. ఒక వీధిలో ఒడియా, పక్క వీధిలో తెలుగు, కూడలికొస్తే రెండూ కలిపి. ఇప్పుడా పని ఆటోలో పెన్‌డ్రైవ్ చేస్తోంది. దానికి దాహం వేయదు, కోపం రాదు. అందుకే దానికి ఉద్యోగం ఊడలేదు, నాకూడింది.

మా షావుకారుకి ఒకటే నియమం. పనిలో చేరిన రోజునే చెప్పాడు: "మైకు మనదిరా, మాట మనది కాదు. బాడుగ కట్టినోడు ఏది రాసిస్తే అదే సదువు. నీ బుర్రలోంచి ఒక్క ముక్క కలిపేవో, నీ బుర్ర నీది, నీ దారి నీది." నేను కలిపేవాణ్ణే. సర్కస్‌లో ఏనుగు లెక్కలు చేస్తుందని కలిపాను, జనం ఎగబడ్డారు, ఆయన ఊరుకున్నాడు. లాభం తెచ్చే అబద్ధం మీద ఆయనకెప్పుడూ కోపం లేదు. నష్టం తెచ్చే నిజం మీదే.

వానాకాలం ఫుట్‌బాల్ లీగు మొదలయ్యాక నా పని మైదానంలో. ఒడ్డున బల్లేసుకుని, ఎవరు ఆడుతున్నారో, ఎవరు కొట్టారో రెండు భాషల్లో చెప్పడం. ఆ రోజుల్లో బరంపురంలో ఎ డివిజన్ అంటే మాటలు కాదు. వకీళ్ళ క్లబ్బు, ఉద్యోగుల క్లబ్బు, కాలేజీ కుర్రాళ్ళు, ఇంకా తాతల కాలం నుంచీ ఎన్నడూ కింది డివిజన్ మొహం చూడని పసుపు జెర్సీల క్లబ్బు. వాళ్ళ మధ్యలోకి బి డివిజన్ గెలిచి ఒక జట్టు వచ్చింది. గోపాల్‌పూర్ దాటాక సముద్రం ఒడ్డునున్న జాలరిపేట జట్టు. అంతా తెలుగువాళ్ళు. పొద్దున వల, సాయంత్రం బంతి.

ఎవరి పేరూ రాయను. కొందరి మీద గౌరవం కొద్దీ, ఒకడి మీద అసహ్యం కొద్దీ.

ఆ పేటతో నాకు చుట్టరికం ఉంది. మా అప్పని, అంటే అక్కని, అక్కడే ఇచ్చాం. ఆమె మొగుడికి చిన్నాన్న కొడుకే ఆ జట్టు స్టాపరు, అంటే గోలుకి ముందు నిలబడి వచ్చినవాణ్ణి ఆపేవాడు. వరసకి నాకు బావ. తండ్రి లేడు, తోడబుట్టినవాళ్ళు లేరు, తల్లీ తనూ. తెప్ప దుంగని ఒక్కడే భుజానికెత్తి ఇసకలో నడిచేవాడు. అంత మనిషీ గట్టిగా మాట్లాడగా నేను వినలేదు, ఆటలో తప్ప.

ఆటలో వాడి అరుపు గురించి చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కణ్ణించే. ఒడ్డున పెద్దవల లాగడం మీరు చూశారో లేదో. రెండు తాళ్ళు, ఒక్కో తాడుకి వరసగా మనుషులు. ఒకడు కేకేస్తాడు, అందరూ ఒక్క అడుగు వేస్తారు. మళ్ళీ కేక, మళ్ళీ అడుగు. ఒక్కడు తప్పు అడుగేసినా వల వంకరపోతుంది, చేప జారిపోతుంది. ఈ కుర్రాళ్ళు ఆ అలవాటునే మైదానంలోకి తెచ్చారు. కేక వినబడగానే వెనక వరసలో నలుగురూ ఒకే అడుగుగా ముందుకి కదిలేవారు. అవతలి జట్టు ముందువరసవాళ్ళు వాళ్ళ వెనక చిక్కుకుపోయి దిక్కులు చూసేవారు. రిఫరీ ఆఫ్‌సైడ్ ఊదేవాడు. కాలేజీ కుర్రాళ్ళు, పుస్తకాల్లో చదివి ఆడేవాళ్ళు, ఒక ఆటలో ఎన్నిసార్లు చిక్కారంటే, చివరికి వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ బంతి వస్తుంటే భయపడి తనే వెనక్కి పరుగెత్తాడు.

ఆ కేక మొదట్లో మైదానం ఒడ్డు మీద నుంచి వచ్చేది. పేటలో వల లాగించే ముసలాయన ఒకడు, అందరూ ఆయన్ని పెద్దయ్య అనేవారు, గీత పక్కన గొంతుక్కూర్చుని "ఏలో... ఏస్స!" అనేవాడు. రెండు ఆటలు గెలిచేసరికి లీగు కమిటీవాళ్ళకి కళ్ళు మండాయి. బయటి మనిషి ఆట నడిపించకూడదని కొత్త రూలు పుట్టింది. అది సీజన్ మధ్యలో పుట్టిన రూలు. దాన్ని కన్న తండ్రి ఎవరనుకున్నారు? పసుపు జెర్సీల క్లబ్బు అధ్యక్షుడు. కాంట్రాక్టరు గారు. కమిటీలోనూ ఆయనే. ఆ రూలు మైకులో చదివింది నేను. చదువుతుంటే పెద్దయ్య నా వైపు చూసి, "ఏటల్లుడా, నాను నోరు మూసుకోవాలా? ముక్కు కూడానా?" అన్నాడు. ఆ రోజు నుంచీ మైదానం గోడ అవతల నిలబడ్డాడు పాపం, బస్సులకోసం ఆగినవాడిలా.

కేక స్టాపరుకి వచ్చింది. వాడే వేసేవాడు, వాడే ఆపేవాడు. జట్టు మొత్తం వాడి గొంతుకి కట్టిన తాడు. ఇది అర్థం చేసుకున్నవాడు బరంపురం మొత్తం మీద ఒక్కడే. మళ్ళీ కాంట్రాక్టరు గారే.

ఆయన మన భాషవాడే. అదే నా కడుపుమంట. పరాయివాడైతే తెలియక చేశాడనుకుందును. పట్టుబట్టల వ్యాపారం చేసిన ఇంట్లో పుట్టి, రోడ్ల కాంట్రాక్టుల్లోకి దిగి, తెల్ల పంచె, చేతికి గడియారం, ఎదుటివాడి భుజం మీద చెయ్యేసి మాట్లాడే అలవాటు. ఆ చెయ్యి పడిన భుజం తర్వాత వంగిపోయేది.

సీజన్ సగం దాటేసరికి పసుపు జెర్సీలు అట్టడుగున ఉన్నాయి. మనవాళ్ళు వాళ్ళకి ఒక్క మెట్టు పైన. కిందివాడు ఒక్కడు బి డివిజన్‌కి దిగిపోవాలి. చివరి ఆట ఈ రెండు జట్లకే. డ్రా అయినా మనవాళ్ళు నిలబడతారు, గెలిస్తే తప్ప వాళ్ళు నిలబడరు. పేటలో ఆ రోజుల్లో చేపల మాట మానేసి ఇదే మాట. ఆడవాళ్ళు గోపాల్‌పూర్ సంతలో చేపలమ్ముతూ, "ఏటి, మావోల్లు ఎ డివిజనోల్లు, తక్కువకడిగీకు" అని బేరం తెంపేసేవారు. మొట్టమొదటిసారి బరంపురం బస్సులో ఆ పేటవాళ్ళకి ఎవరో జరిగి చోటిచ్చారు. మీకిది చిన్న సంగతి. వాళ్ళకి కాదు.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం మా దుకాణానికి కాంట్రాక్టరు గారి మనిషి వచ్చి మైకు కట్టమన్నాడు. పేటలో గంగమ్మ గుడి ముందు చిన్న ఉత్సవం. ఏమిటయ్యా అంటే, మహాప్రసాద్ కట్టిస్తున్నారు.

ఇది మా గంజాం జిల్లా వైపు ఉన్న ఆచారం. ఇద్దరు మనుషులు పూరీ జగన్నాథుడి ప్రసాదం, ఎండిన మెతుకులు, ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటారు. ఆ క్షణం నుంచీ వాళ్ళిద్దరూ ఒకరినొకరు పేరుపెట్టి పిలవకూడదు, 'మహాప్రసాద్' అనే పిలవాలి. ఆ పిలుపు వినబడితే చేతిలో ఏ పనున్నా వదిలేసి రెండు చేతులూ జోడించాలి. పోట్లాడకూడదు. మీద చెయ్యి పడకూడదు. ఒకడి తల్లి ఇంకొకడికీ తల్లి. కులం అడ్డురాదు, భాష అడ్డురాదు. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర కొట్టుకుంటారు గానీ మహాప్రసాద్‌లు కొట్టుకున్నట్టు నేనెక్కడా వినలేదు. ఒడియా వాళ్ళ దగ్గర నేర్చుకుని మన తెలుగువాళ్ళు ఇంకాస్త గట్టిగా పట్టుకున్న ఆచారం ఇది.

జీపులో కాంట్రాక్టరు గారు దిగారు. పక్కన వాళ్ళ జట్టు సెంటర్ ఫార్వర్డు. అస్కా వైపు పల్లె నుంచి వచ్చిన ఒడియా కుర్రాడు. కాంట్రాక్టరు గోదాములోనే పడుకుని, ఆయనిప్పిస్తానన్న గుమాస్తా ఉద్యోగం కోసం ఆయన కళ్ళలోకి చూస్తూ బతికేవాడు. తెలుగు ముక్క రాదు. సముద్రం అదే మొదటిసారి చూడటం అనుకుంటాను, జీపు దిగి అటే చూస్తూ నిలబడిపోయాడు.

నాకు రాసిచ్చిన కాగితంలో ఇలా ఉంది: ఆటలో పోటీ, మనసులో స్నేహం, రెండు జట్ల బంధానికి గుర్తుగా ఈ రోజు ఇద్దరు యువకులు మహాప్రసాద్ కట్టుకుంటున్నారు. చదివాను. రెండు భాషల్లో, గొంతు జీరపోయేలా, కొంచెం కలిపి కూడా చదివాను. జగన్నాథుడే ఫుట్‌బాల్ చూడ్డానికి దిగివస్తాడని కలిపాను. నా నోటితోనే కట్టించాను ఆ ముడి.

ఎర్రగుడ్డ సంచిలోంచి మెతుకులు తీసి స్టాపరు ఆ సెంటర్ ఫార్వర్డు నోట్లో పెట్టాడు, వాడు స్టాపరు నోట్లో పెట్టాడు. స్టాపరు తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆ ఒడియా కుర్రాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఒక్కడే అని ఏడిసీదాన్ని. ఇయాల ఇంకొకడొచ్చేడు. ఏటి బాబూ, ఎముకలే ఉన్నావు, తినవా?"

వాడికి అర్థం కాలేదు. నేను ఒడియాలో చెప్పాను. వాడు వంగి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. అది నటన కాదు, మైకు పట్టుకుని వెయ్యి నటనలు చూసిన నేను చెబుతున్నాను.

పెద్దయ్య మాత్రం నా చెవిలో, "ఈ తెల్లపంచి ఎప్పుడైనా లాబం లేకుండా మన ఇసకలో కాలెట్టేడా?" అన్నాడు. నేను, "ఊరుకో మావా, మంచి పనికి కూడా వంకలేనా?" అన్నాను.

చివరి ఆట రోజు. ఒక వాన వెలిసింది, ఇంకొకటి కాచుక్కూర్చుంది. మైదానం బురద. పేట మొత్తం వచ్చింది. వలలు ఒడ్డున ఆరేసి, ఆడా మగా, చంటిపిల్లలతో సహా. పెద్దయ్య గోడ ఎక్కి కూర్చున్నాడు. గోడ మీద కూర్చున్నవాడు లోపలివాడో బయటివాడో కమిటీ తేల్చుకోలేకపోయింది.

మొదటి సగం హాయిగా గడిచింది. ఆట మొదలవ్వకముందు మహాప్రసాద్‌లిద్దరూ ఎదురెదురుగా వచ్చి దండం పెట్టుకున్నారు, జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఇద్దరూ ఎవరి ఆట వాళ్ళాడారు. స్టాపరు ఆ కుర్రాడి ఒంటికి తగలకుండా, కాలికీ కాలికీ మధ్య నుంచి బంతిని మాత్రం తీసుకునేవాడు, వల కంటిలోంచి ముల్లు తీసినట్టు. "ఏలో... ఏస్స!" వినబడటం, పసుపు జెర్సీలు ఆఫ్‌సైడ్‌లో చిక్కడం. ఒక్క గోలూ పడలేదు. పేటవాళ్ళు అప్పుడే పండగ మొదలెట్టారు.

విరామంలో టీ కోసం కమిటీవాళ్ళ షామియానా వెనక్కి వెళ్ళాను. గుడ్డకి అవతల కాంట్రాక్టరు గొంతు వినబడింది, ఒడియాలో.

"ఎందుకు పిలవటం లేదు? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

కుర్రాడు ఏదో గొణిగాడు.

"పాపమా? పాపం సంగతి నేను చూసుకుంటాను. నీకు ఆ మెతుకులెందుకు తినిపించాననుకున్నావు? బంతి నీ కాలికి దొరికినప్పుడల్లా వాడికి వినబడేట్టు ఒక్కసారి పిలువు. వాడే చేతులు జోడించి పక్కకి నిలబడతాడు. పిలవకపోతే గోదాం ఖాళీ చేసి ఈ రాత్రే అస్కా బస్సెక్కు."

ముందు నాకు అర్థం కాలేదని కాదు. అర్థమైంది, అయినా నమ్మకం కుదరలేదు. దేవుడి మెతుకుతో ఎర వేయడం! జాలరివాడు కూడా ఎరకి పురుగుని పెడతాడు గానీ ప్రసాదం పెట్టడు.

పరుగెత్తాను. మనవాళ్ళు గోలు వెనక బురదలో కూర్చుని నీళ్ళు తాగుతున్నారు. విన్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. గోలు కాచే గోలీ లేచి నిలబడ్డాడు. "ఆ తెల్లపంచిని ఇప్పుడే వలలో సుట్టి సముద్రంలో ఒగ్గేత్తాను," అన్నాడు.

స్టాపరు మాత్రం నీళ్ళ గ్లాసు వైపే చూస్తున్నాడు.

"బావా," అన్నాను, "విన్నావు కదా. అది మోసం. పిలిచినా పలక్కు."

"పిలిస్తే పలకాల బావా."

"ఒరే, ఆ పిలుపు వాడిది కాదురా! ఆ కాంట్రాక్టరుది!"

"ఎవుడు నేర్పితే ఏటి? గొంతు ఆడిదే కదా. మా అమ్మ ఆడికి అన్నమెట్టింది." గ్లాసు కింద పెట్టి, "నానేటి సేసీది, నువ్వే సెప్పు," అన్నాడు.

గోలీయే ఉపాయం చెప్పాడు. "సేతులు జోడిస్తేనే కదా ఆగిపోతావు. నిక్కరు గట్టిగా పట్టుకో. రెండు సేతుల్తోనూ. ఒగ్గీకు. కాళ్ళతో ఆడు." ఎవరో నవ్వారు. స్టాపరు నవ్వలేదు. సరేనని తలూపాడు. గోలు వెనక గోడ మీద నుంచి పెద్దయ్య కూడా ఇదంతా విన్నాడు.

రెండో సగం మొదలైంది. మైకు దగ్గర కూర్చున్నాను. మొదటి పిలుపు మైదానం మధ్యలో వచ్చింది. సన్నగా, సిగ్గుపడుతున్నట్టు. "మహాప్రసాద్!" స్టాపరు నిక్కరు పట్టుకోవడం మరిచిపోయాడు. చేతులు జోడించి నిలబడిపోయాడు. కుర్రాడు పక్కనుంచి వెళ్ళి కొట్టాడు, బంతి గోలుస్తంభానికి తగిలి తిరిగొచ్చింది. జనంలో కొందరు పగలబడి నవ్వారు. పేటవాళ్ళు తిట్లు లంకించుకున్నారు. గోడ మీద నుంచి పెద్దయ్య, "నిక్కరు! నిక్కరు పట్టుకోరా!" అని అరుస్తుంటే, సంగతి తెలియనివాళ్ళు దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని ఇంకా నవ్వారు.

అక్కణ్ణించి నా బావ రెండు పిడికిళ్ళతో నిక్కరు బిగించి పట్టుకుని ఆడాడు. మీరు ప్రయత్నించి చూడండి, పరుగెత్తడం కూడా రాదు. వాడు పరుగెత్తాడు, ఎగిరాడు, బురదలో చేతులు ఆన్చుకోకుండా పడి లేచాడు. పిలుపు వచ్చిన ప్రతిసారీ వాడి భుజాలు ఉలిక్కిపడేవి, పిడికిళ్ళు మాత్రం వదల్లేదు. పిలిస్తే పలకలేదన్న బాధ మొహం మీద కనబడుతోంది. నేను మైకులో ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. ఏం చెప్పానో నాకు తెలియదు.

ఆట ముగియడానికి ఇంకొంచెమే ఉంది. ఎడమ వైపు నుంచి బంతి ఎత్తుగా మన గోలు ముందుకి వచ్చింది. స్టాపరు తలతో కొట్టడానికి లేచాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి, ఈసారి సన్నగా కాదు, ఏడుపులాగా, "మహాప్రసాద్!"

గాలిలో ఉన్న మనిషికి నిక్కరు పట్టు ఎలా ఉంటుంది? చేతులు వాటంతటవే లేచాయి. జోడించుకున్నాయి. బంతి వచ్చి ఆ జోడించిన చేతులకే తగిలింది.

రిఫరీ విజిలూదాడు. పెనాల్టీ.

పేట మొత్తం గీత దాటి లోపలికొచ్చేసింది. పెద్దయ్య గోడ దూకి రిఫరీ ముందు నిలబడ్డాడు. "ఆడు దండమెట్టేడు బాబూ! బంతినాపలేదు. కళ్ళారా సూసేవు కదా, దండమెట్టేడు!"

రిఫరీ మంచివాడే. తల దించుకుని, "దండం పెట్టినా చెయ్యి చెయ్యే, ముసలాయనా," అన్నాడు.

షామియానాలో కాంట్రాక్టరు గారు గడియారం చూసుకుంటున్నారు.

అప్పుడు నేను నా బుర్రలోంచి కలిపాను. కాగితం మీద లేని మాట, జీవితంలో మొదటిసారి లాభం తేని మాట. ముందు ఒడియాలో చెప్పాను, ఎందుకంటే ఎక్కువమంది ఒడియా వాళ్ళు. "సోదరులారా, ఇది పెనాల్టీ కాదు. మహాప్రసాద్‌ని ఎరగా వేశారు. వీళ్ళిద్దరికీ ముడి వేయించింది స్నేహానికి కాదు, ఈ ఒక్క విజిల్ కోసం. వేయించిన పెద్దమనిషి అదిగో, షామియానా కింద, తెల్ల పంచె. విరామంలో నా చెవులతో విన్నాను." తర్వాత తెలుగులో మొదలెట్టాను. "మన భాషవాడే..." అనేసరికి కమిటీ మనిషి ఒకడు వచ్చి బ్యాటరీ తీగ పీకేశాడు. మిగతాది ఉత్తి గొంతుతోనే అరిచాను. గొంతు నాదే కదా.

ముందు వరసలో ఒక ఒడియా ముసలాయన మహాప్రసాద్ మాట వినగానే చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. కాంట్రాక్టరు గారి పక్క కుర్చీలు మెల్లగా ఖాళీ అయ్యాయి.

కుర్రాడు పెనాల్టీ చుక్క మీద బంతి పెట్టాడు. వాడికి ఎదురుగా మన గోలీ, వెనక గీత బయట స్టాపరు. స్టాపరు చేతులింకా జోడించే ఉన్నాయి, దించడం మరిచిపోయినట్టు. కుర్రాడు వెనక్కి తిరిగి వాణ్ణి చూశాడు. షామియానా వైపు చూశాడు. పరుగెత్తుకొచ్చి, ఉన్న బలమంతా కాలిలోకి తెచ్చుకుని, బంతిని ఆకాశంలోకి కొట్టాడు. గోలు మీద నుంచి పోయింది, మైదానం గోడ దాటింది, రోడ్డు దాటింది, అవతల బరాలు, అదే మన గారెలు, వేయించే ఆయన బాండీలో పడింది. నూనె ఎగిరింది, ఆయన తిట్లు మా దాకా వినిపించాయి. మైదానమంతా ఒక్క పొలికేక. డ్రా. జాలరిపేట ఎ డివిజన్‌లోనే నిలిచింది. తాతల కాలం నుంచీ దిగని పసుపు జెర్సీలు కిందికి దిగాయి.

మా షావుకారు ఆ సాయంత్రమే నన్ను తీసేశాడు. "నీ బుర్ర నీది, నీ దారి నీది," అన్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ కబురు పెట్టాడు. రెండు భాషల్లో అరిచేవాడు ఇంకొకడు దొరకలేదట.

ఈ కథ నేను టీ దుకాణం దగ్గర కుర్రాళ్ళకి చాలాసార్లు చెప్పాను. మొన్న ఒకడు, ఫోన్ పక్కన పెట్టి మరీ విన్నవాడు, అడిగాడు. "అదేటి తాతా, మీరు గెలిచినట్టే కదా? ఆ కాంట్రాక్టరు సిగ్గుపడ్డాడు, పేట నిలబడింది. మరి సెప్పినప్పుడల్లా నీకంత కోపమేటి?"

ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. అబద్ధాలకోరుని ఇలాంటి ప్రశ్న అడక్కూడదు బాబూ. అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఒట్టు కూడా వేసి ఉన్నాను కదా, ఆ ఠాకురాణికైనా జవాబు చెప్పుకోవాలి.

మెతుకులు నిజం. నిక్కరు నిజం. జోడించిన చేతులకి బంతి తగలడం నిజం. మైకులో నేనన్న మాటలు నిజం, పీకిన తీగ నిజం, చెప్పులు విడిచిన ముసలాయన నిజం. ఒక్కటే కల్పన. ఆ బంతి గోడ దాటలేదు. ఆకాశంలోకి లేవనే లేదు. నేల మీదే, మెల్లగా, బురదలో దొర్లుకుంటూ, గోలీ ఒక పక్కకి పడితే ఇంకో పక్క నుంచి లోపలికెళ్ళింది. కుర్రాడు కళ్ళు మూసుకుని కొట్టాడు. జనం లేచి నిలబడ్డది నిజమే, కానీ లేచి ఇళ్ళకి వెళ్ళిపోయారు. జాలరిపేట బి డివిజన్‌కి దిగిపోయింది. మళ్ళీ ఎక్కలేదు. రెండేళ్ళు తిరిగేసరికి వెనక వరసలో ముగ్గురు సూరత్ మిల్లులకి వెళ్ళిపోయారు. ఆ కేకకి అడుగేసేవాళ్ళు మిగల్లేదు.

ఆ సాయంత్రం పేటవాళ్ళు ఆ ఒడియా కుర్రాణ్ణి చుట్టుముట్టినప్పుడు నా బావే అడ్డంగా నిలబడ్డాడు. "ఆడి మీద సెయ్యేస్తే నా మీదేసినట్టే." నేను కూడా చెయ్యెత్తినవాళ్ళలో ఉన్నాను. దించేశాను. కుర్రాడు అస్కా బస్సు ఎక్కలేదు, పేట బస్సెక్కాడు. బావ తల్లి ఇసక మీద చాపేసి ఇద్దరికీ అన్నం పెట్టింది. తర్వాత ఎన్నేళ్ళకో ఆమె పోతే, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గుండు చేయించుకున్నారు. ఇప్పటికీ కలిస్తే ముందు దండం, తర్వాతే మాట. మోసంతో వేసిన ముడి వాళ్ళ దగ్గర నిజమైపోయింది. వాళ్ళకి కోపం లేదు. వాళ్ళ వంతు కూడా నేనే కోపపడాల్సి వస్తోంది.

కాంట్రాక్టరు గారు మరుసటి ఏడు లీగు ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి. పూలదండ వేస్తుంటే ఆయన బిరుదులన్నీ రెండు భాషల్లో చదివింది నేను. కాగితం మీద ఉన్నవే చదివాను. షావుకారు పక్కనే నిలబడి ఉన్నాడు.

అందుకే ఆ బంతి. మొదట్లో ఈ కథ చెప్పేటప్పుడు దాన్ని గోలుస్తంభం పక్క నుంచి బయటికి పోనిచ్చేవాణ్ణి, జానెడు దూరంలో. కొన్నేళ్ళకి గోలు మీద నుంచి పంపాను. తర్వాత గోడ దాటించాను. ఈసారి బరాల బాండీలో పడేశాను. కోపం తగ్గితే కదా, ఆ బంతి కాస్త దగ్గర్లో పడటానికి.